ముందు చెవికి... తర్వాతే నోటికి!

కుండపోతగా వాన కురుస్తోంది. ఆ మాట ఇంగ్లిష్‌లో చెప్పమని హైస్కూలు పిల్లల్ని అడిగి చూడండి. ‘ఇట్స్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అని ఠక్కున చెప్పేస్తారు. స్పోకెన్ ఇంగ్లిష్ పుస్తకంలో ఇడియమ్స్ పాఠం తెరిస్తే చాలు, ముందుగా పలకరించేవి ఆ పిల్లులూ కుక్కలే మరి!

కానీ ఆ మాట ఈనాటిది కాదు. జనం సంభాషణల్లో దొర్లే అరిగిపోయిన మాటలన్నీ పోగేసి, వాటిని వెక్కిరిస్తూ జొనాథన్ స్విఫ్ట్ 1738లో ఒక పుస్తకం అచ్చు వేయించారు. అందులోనే ఈ పిల్లులూ కుక్కలూ కనిపిస్తాయి. అంటే దాదాపు మూడు వందల ఏళ్ల కిందటే అది నలిగిన మాటన్నమాట! మామూలు మాటల్లో అయితే ‘ఇట్స్ పోరింగ్’ అంటే సరిపోతుంది. రెండే ముక్కలు. పైగా మన ‘కుండపోత’కు అచ్చంగా చుట్టం... అక్కడా పోయడమే, ఇక్కడా పోయడమే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలతో తడిసి ముద్దయ్యే నెల్లూరు తీరం వాళ్లకు రోజూ పనికొచ్చేది ఇదే.

ఇడియమ్స్ విషయంలో చిక్కంతా ఇక్కడే ఉంది. గొప్పగా మాట్లాడాలని పెద్ద పెద్ద జాబితాలు వల్లె వేస్తాం. అవతలివాళ్లు అదే ధోరణిలో మనతో ఏదైనా అంటే మాత్రం తెల్లమొహం వేస్తాం. నిజానికి మనం ఒక్క ఇడియమ్ కూడా వాడకపోయినా కొంప మునగదు. ఎదుటివాళ్లు అన్నది అర్థం కాకపోతేనే మునుగుతుంది. అందుకే ఈ వారం పాఠం పిల్లలకే కాదు, అమ్మానాన్నలకు కూడా.

ఒక్క ముక్క తేడా... ఎంత పనైనా చేస్తుంది!

‘మై సన్ పాస్డ్ అవుట్ ఇన్ 2022’ అని మనం గర్వంగా చెబుతాం. మా అబ్బాయి 2022లో డిగ్రీ పూర్తి చేశాడని మన ఉద్దేశం. మన దేశంలో ఎవరికైనా అలాగే అర్థమవుతుంది. అమెరికాలోనో, ఇంగ్లండ్‌లోనో ఉన్నవాళ్లకు మాత్రం ‘పాస్డ్ అవుట్’ అంటే ముందుగా తట్టేది స్పృహ తప్పి పడిపోవడం. ఇక ‘అవుట్’ తీసేసి పొరపాటున ‘అవే’ పెట్టారో... ‘పాస్డ్ అవే’ అంటే చనిపోవడం! విదేశీ కంపెనీ ఇంటర్వ్యూలో ‘ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2022’ అంటే ఏ గొడవా ఉండదు.

ఇంకో సందర్భం చూడండి. నెల్లూరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి విదేశాలకు వెళ్లిన పిల్లలు ఎంతోమంది. కూతురి కాన్పు కోసమో, కోడలికి సాయం కోసమో అక్కడికి వెళ్లే పెద్దవాళ్లూ ఎక్కువే. అక్కడి ఆసుపత్రిలో డాక్టరు వచ్చి ‘ఇట్ వాజ్ టచ్ అండ్ గో లాస్ట్ నైట్. బట్ షి ఈజ్ అవుట్ ఆఫ్ ద వుడ్స్ నౌ’ అన్నారనుకోండి. ముట్టుకోవడం, వెళ్లడం, అడవి... ముక్కలన్నీ తెలిసినవే, అర్థమే అందదు. డాక్టరు చెప్పింది ఇదీ: ‘రాత్రి ప్రాణం మీదకే వచ్చింది. ఇప్పుడు గండం గడిచింది.’ మొదటి మాట తెలియకపోతే రాత్రి ఎంత ప్రమాదం తప్పిందో తెలియదు. రెండో మాట తెలియకపోతే గండం గడిచినా గుండె దడ తగ్గదు.

ఆఫీసుల్లోనూ అంతే. మేనేజరు నెమ్మదిగా పిలిచి ‘వి హావ్ టు లెట్ యూ గో’ అంటే, ఇంటికి తొందరగా పంపిస్తున్నారని సంబరపడకండి. ఉద్యోగంలోంచి తీసేస్తున్నామని మర్యాదగా చెప్పే మాట అది! ‘కీప్ మీ పోస్టెడ్’ అంటే ఉత్తరం పోస్టు చేయమని కాదు, ఎప్పటికప్పుడు సంగతులు చెబుతూ ఉండమని. ‘లెట్స్ కాల్ ఇట్ ఎ డే’ అంటే ఈ రోజుకి పని కట్టేద్దామని. ‘ద బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్’ అంటే ఇక తేల్చుకోవాల్సింది మీరేనని. ఈ కోర్టుకు లాయర్లు అక్కర్లేదు!

ఇలాంటివి నోటికి రాకపోయినా నష్టం లేదు. చెవికి మాత్రం తెలిసి ఉండాలి.

తెలుగులో మనకు కొత్తా?

విడివిడిగా చూస్తే ఒక అర్థం, కలిపి చూస్తే మరో అర్థం. ఇడియమ్ అంటే అంతే. మన జాతీయాలూ అలాంటివే. ‘ఆ కోడలు అత్తగారికి తలలో నాలుక’ అంటే పరాయివాళ్లు హడలిపోతారు. ‘వాడి కాళ్లకు బలపం కట్టుకుని తిరుగుతున్నాడు’ అంటే, పలక మీద రాసే బలపాన్ని కాళ్లకు కట్టుకోవడం ఏమిటని తల గోక్కుంటారు. ‘చెవిలో పువ్వు పెట్టకు’ అంటే పువ్వు ఎక్కడుందని వెతుకుతారు. మనకు మాత్రం క్షణంలో అర్థమైపోతుంది. వాటిని మనం జాబితాలు రాసుకుని నేర్చుకోలేదు. ఎవరు, ఎప్పుడు, ఎవరితో అన్నారో చూస్తూ, వింటూ నేర్చుకున్నాం.

ఇంగ్లిష్‌ జాతీయాలకూ దారి అదే. అలాగని తెలుగు మాటను ముక్కకు ముక్క మార్చేయడం దారి కాదు. ‘నా తల తినకు’ అనాలనిపించి ‘డోంట్ ఈట్ మై హెడ్’ అంటే మన పక్కింటివాళ్లకు అర్థమవుతుందేమో గానీ, దేశం దాటితే కాదు. ‘స్టాప్ బాదరింగ్ మీ’ అంటే అందరికీ తెలుస్తుంది. మామూలు మాట చేతిలో ఉండగా దానికి సిగ్గుపడాల్సిన పని లేదు.

ఇంగ్లిష్ ఓడ దిగిన రేవు

సముద్రం పక్కన పుట్టినవాళ్లకు ఇంగ్లిష్ జాతీయాల్లో ఒక సుఖం ఉంది. ఇంగ్లిష్‌వాళ్లది ఓడల జాతి. ఓడలో పుట్టి ఒడ్డుకు చేరిన మాటలు వాళ్ల భాషలో కొల్లలుగా ఉన్నాయి. ఆ ఓడలు మన తీరానికీ వచ్చాయి. 1611లో మచిలీపట్నంలో అడుగుపెట్టిన ఈస్టిండియా కంపెనీవాళ్లు, 1620ల్లో వాకాడు దగ్గరి దుగరాజపట్నానికి వచ్చి కోట కట్టుకున్నారు. ఈ తీరంలో వాళ్లు కట్టుకున్న తొలి కోట అదే. వాళ్ల కాగితాల్లో ఆ ఊరి పేరు ఆర్మగాన్. అక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డేనే 1639లో మద్రాసులో చోటు సంపాదించి, మరుసటి ఏడాది మకాం అక్కడికి మార్పించారు. మద్రాసు నగరం పుట్టక ముందే మన నెల్లూరు తీరం ఇంగ్లిష్ విన్నదన్నమాట!

ఆ ఓడల మాటలు కొన్ని ఇప్పుడు మనం విందాం. తెప్ప, తెరచాప, లంగరు తెలిసినవాళ్లకు వీటిని బట్టీ పట్టాల్సిన అవసరం లేదు. బొమ్మ కళ్లకు కడుతుంది.

లెర్న్ ద రోప్స్: తెరచాప ఓడలో ఎక్కడ చూసినా తాళ్లే. ఏ తాడు లాగితే ఏ తెరచాప కదులుతుందో కొత్తగా వచ్చిన నావికుడు ముందు తెలుసుకోవాలి. అందుకే పనిలో మెలకువలు నేర్చుకోవడానికి ఈ మాట వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ‘ఐ యామ్ స్టిల్ లెర్నింగ్ ద రోప్స్’ అనొచ్చు. ఇంకా పని నేర్చుకుంటున్నానండీ అని వినయంగా చెప్పడం.

ప్లెయిన్ సెయిలింగ్: అలలు లేవు, ఎదురుగాలి లేదు. పని సాఫీగా సాగిపోతోంది. ‘ఆఫ్టర్ ద ఫస్ట్ ఇయర్, ఇట్ వాజ్ ప్లెయిన్ సెయిలింగ్’... మొదటి ఏడాది గట్టెక్కాక ఇక ఇబ్బంది లేదు.

ఆల్ ఎట్ సీ: ఎటు చూసినా నీళ్లే, ఒడ్డు కనిపించదు. ఏమీ పాలుపోని స్థితి. లెక్కల క్లాసులో ‘ఐ యామ్ ఆల్ ఎట్ సీ’ అంటే ఏమీ అర్థం కావడం లేదని.

ఇన్ ద సేమ్ బోట్: అందరి కష్టం ఒకటే. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు వేట ఆగిపోయిన పాలెంలో ఈ మాటకు వివరణ అవసరమా?

గివ్ ఎ వైడ్ బెర్త్: ఓడకూ ఓడకూ మధ్య, ఓడకూ రాతికీ మధ్య తగినంత ఎడం ఉంచాలి. లేకపోతే ఢీకొంటాయి. మనుషుల విషయంలో అయితే దూరంగా మసలుకోవడం. ‘గివ్ హిమ్ ఎ వైడ్ బెర్త్’ అని సహోద్యోగి చెవిలో చెప్పారంటే, ఆ పెద్దమనిషితో జాగ్రత్త అని.

టేక్ ద విండ్ అవుట్ ఆఫ్ సమ్‌వన్స్ సెయిల్స్: గాలి వచ్చే వైపు మరో ఓడ అడ్డంగా వస్తే మన తెరచాప చప్పబడిపోతుంది. ఎగిరెగిరి మాట్లాడేవాడి గాలి తీసేయడం. తెలుగులోనూ ‘గాలి తీసేశాడు’ అంటాం కదా!

షో వన్స్ ట్రూ కలర్స్: ఇక్కడ కలర్స్ అంటే రంగులు కాదు, ఓడ జెండాలు. శత్రువును దగ్గరకు రానివ్వడానికి కొన్ని ఓడలు వేరే దేశపు జెండా కట్టుకునేవి. చివరికి అసలు జెండా ఎగరేసేవి. అసలు స్వరూపం బయటపడటం అంటే అది. మనవాళ్లు ‘రంగు బయటపడింది’ అంటారు. దారులు వేరైనా చేరిన ఊరు ఒకటే.

బై అండ్ లార్జ్: ఎదురుగాలికి దగ్గరగా ఓడ నడపడం ‘బై’, వెనక గాలితో నడపడం ‘లార్జ్’. రెండు రకాలుగానూ బాగా నడిచే ఓడ అంటే మొత్తం మీద మంచి ఓడ. అలా ‘మొత్తమ్మీద’ అనే అర్థం స్థిరపడింది.

ఒకేలా ఉంటాయి... ఒకటి కావు!

ఇక్కడ కాస్త జాగ్రత్త. బొమ్మ ఒకటే అయినా అర్థం వేరయ్యే మాటలు ఉన్నాయి. ‘ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు’ అంటాం. పని అయిపోయాక సాయం చేసినవాళ్లను మరిచిపోయే కృతఘ్నత అది. ఇంగ్లిష్‌లో ‘బర్న్ యువర్ బోట్స్’ ఉంది. అక్కడా పడవలు తగలేయడమే. కానీ అర్థం వేరు... వెనక్కి వెళ్లే దారి లేకుండా తెగించి దిగడం. ఒడ్డుకు చేరిన సైన్యం తిరిగి పారిపోకుండా పడవలు తగలబెట్టించడం అన్నమాట. ‘ఐ బర్న్డ్ మై బోట్స్ అండ్ స్టార్టెడ్ ఎ బిజినెస్’ అని ఎవరైనా అంటే ద్రోహం చేశారని అనుకోవద్దు. ఉద్యోగం వదిలేసి, వెనక్కి చూడకుండా వ్యాపారంలోకి దిగారని.

‘ఒడ్డున పడ్డ చేప’ కూడా అంతే. మనకు అది గిలగిల కొట్టుకునే ప్రాణావస్థ. ఇంగ్లిష్ ‘ఫిష్ అవుట్ ఆఫ్ వాటర్’ అంత బాధ కాదు. కొత్త చోట, కొత్త మనుషుల మధ్య ఇమడలేకపోవడం. పల్లెటూరి బడి నుంచి నగరంలోని కాలేజీకి వెళ్లిన పిల్ల మొదటి వారంలో ‘ఐ ఫెల్ట్ లైక్ ఎ ఫిష్ అవుట్ ఆఫ్ వాటర్’ అంటే సరిగ్గా అతుకుతుంది.

అచ్చంగా సరిపోయేవీ లేకపోలేదు. ‘సముద్రంలో కాకిరెట్ట’ను వాళ్లు కాస్త శుభ్రంగా ‘ఎ డ్రాప్ ఇన్ ది ఓషన్’ అంటారు. ‘నోరు జారడం’ వాళ్లకు ‘స్లిప్ ఆఫ్ ద టంగ్’. మనకు నోరు, వాళ్లకు నాలుక... జారడం మాత్రం ఇద్దరికీ ఒకటే!

రాకెట్ రేవు మాటలు

పడవలే కాదు, మన తీరం నుంచి రాకెట్లూ వెళ్తాయి. తేలికైన పనిని గురించి ‘ఇట్స్ నాట్ రాకెట్ సైన్స్’ అంటారు. ఇదేం బ్రహ్మవిద్యా అన్నట్టు. పక్కింటి మామయ్య శ్రీహరికోటలో పనిచేసే సూళ్లూరుపేట పిల్లలు ఈ మాట అనేముందు ఒకసారి అటూ ఇటూ చూసుకోవాలేమో!

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన తొలి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ గురి తప్పి బంగాళాఖాతంలో పడింది. శాస్త్రవేత్తలు లోపం వెతికి, సరిచేసి 1980 జూలై 18న మళ్లీ ప్రయోగించారు. రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. ఇలా మొదటి నుంచి మళ్లీ ఆలోచించడాన్నే ‘బ్యాక్ టు ద డ్రాయింగ్ బోర్డ్’ అంటారు. 1941లో న్యూయార్కర్ పత్రికలో పీటర్ ఆర్నో వేసిన కార్టూన్‌తో ఈ మాట ప్రచారంలోకి వచ్చింది. అందులో కూలిపోయిన విమానం దగ్గర నుంచి దాని రూపకర్త చంకలో కాగితాల చుట్ట పెట్టుకుని తాపీగా నడిచి వెళ్తుంటాడు. పరీక్ష తప్పిన పిల్లాడితో ‘ఓకే, బ్యాక్ టు ద డ్రాయింగ్ బోర్డ్’ అని చెప్పి చూడండి. తిట్టినట్టు ఉండదు, ధైర్యం చెప్పినట్టు ఉంటుంది.

రెండు వందల ఏళ్ల కిందటి సలహా

ఇంగ్లిష్ నేర్చుకోవడం మీద మనవాడొకరు ఎప్పుడో చెప్పిన సంగతి ఇప్పటికీ పాతబడలేదు. ఆయన వెన్నెలకంటి సుబ్బారావు. 1784లో పుట్టిన ఒంగోలు ప్రాంతం మనిషి. 1904 దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాదే లెండి. కాన్వెంట్లు, కోచింగులు లేని కాలంలో ఇంగ్లిష్ నేర్చుకుని మద్రాసులోని సదర్ కోర్టులో అనువాదకుడిగా, దుబాసీగా 1829 వరకు పనిచేశారు. తన జీవిత చరిత్రను ఇంగ్లిష్‌లోనే రాసుకున్నారు. దాన్ని ఆయన కుమారుడు 1873లో అచ్చు వేయించారు.

మద్రాస్ స్కూల్ బుక్ సొసైటీ సభ్యుడిగా సుబ్బారావు 1820లో బడుల్లో చదువు తీరు మీద ఒక నివేదిక ఇచ్చారు. పిల్లలు అర్థం తెలియకుండా వల్లె వేస్తున్నారని, సొంత భాషలో సరైన పునాది లేకుండానే ఇంగ్లిష్‌లోకి దిగుతున్నారని అందులో ఆయన బాధ. కోర్టులో దుబాసీ ఒక్క మాట తప్పు చెబితే ఒక కుటుంబం ఆస్తి తారుమారు కావచ్చు. మాటకు అర్థం తెలియడం ఎంత అవసరమో ఆయనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? ‘తలలో నాలుక’ తెలిసిన పిల్లకే ఇడియమ్ అంటే ఏమిటో తొందరగా తెలుస్తుంది. ఇంట్లో అమ్మమ్మ చెప్పే సామెతలు కూడా స్పోకెన్ ఇంగ్లిష్ పాఠమే!

ఇలా మొదలుపెట్టండి

* రోజుకు ఒక్కటి చాలు. అర్థం రాసుకోవడంతో ఆగకుండా మీ ఇంటి సంగతితో ఒక వాక్యం రాయండి. పుస్తకంలోని వాక్యం మరచిపోతాం. మన వాక్యం గుర్తుంటుంది.

* మాటలు మార్చకండి. ‘ఇన్ ద సేమ్ బోట్’ను ‘ఇన్ ద సేమ్ షిప్’ అనకూడదు. ‘తలలో నాలుక’ను ‘తలలో పన్ను’ అంటామా?

* ఎవరితో అంటున్నారో చూసుకోండి. చనిపోవడానికి ‘కిక్ ద బకెట్’ అని పుస్తకాల్లో ఉంటుంది. అది వేళాకోళపు మాట. పరామర్శకు వెళ్లి అంటే తలుపు వేసేస్తారు. అక్కడ ‘పాస్డ్ అవే’ అనాలి.

* ఇంటర్వ్యూలో ఇడియమ్స్ కుప్పపోయకండి. కూరలో ఉప్పులా ఉండాలి. తెలిసిన చిన్న వాక్యం తడబడకుండా చెప్పడమే మేలు.

* అర్థం కాకపోతే అడగండి. ‘సారీ, వాట్ డూ యూ మీన్ బై దట్?’ ఇంతే. తల ఊపేసి ఊరుకుంటే నష్టం మనకే. ఆసుపత్రిలో, ఆఫీసులో, ఎయిర్‌పోర్టులో ఈ ఒక్క వాక్యం వంద ఇడియమ్స్ పెట్టు. ముందుగా నోటికి రావాల్సింది ఇదే.

ఈ వారం హోమ్‌వర్క్

రాత్రి భోజనాల దగ్గర ఇంటిల్లిపాదీ ఆడండి. ఒకరు అడగాలి, మిగతావాళ్లు అర్థం ఊహించాలి. తెలుగులో దగ్గరి మాట చెప్పినవాళ్లకు అదనంగా ఒక మార్కు. అది తాతయ్యకో, నానమ్మకో రావడం ఖాయం!

1. ఐ మిస్డ్ ద బోట్.
2. డోంట్ రాక్ ద బోట్.
3. ఆల్ హ్యాండ్స్ ఆన్ డెక్.
4. ఎనీ పోర్ట్ ఇన్ ఎ స్టార్మ్.

జవాబులు: 1. అవకాశం చేజారిపోయింది. 2. సజావుగా సాగుతున్నదాన్ని కదిపి చెడగొట్టకు. 3. అందరూ తలో చేయి వేయాలి. 4. తుఫానులో ఏ రేవైనా ఒకటే... అంటే ఆపదలో ఏ ఆసరా దొరికినా చాలు.